రాయకుండా వదిలిన గోనె సంచి

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు రహీం సాబ్ కుర్చీలోంచి లేచి ఫ్యాన్ ఆపారు. మే నెల. ఆ గదిలో నాకది మొదటి రోజు. కిటికీలు తెరవడానికి వీల్లేని గది. రెక్కలు పూర్తిగా ఆగేదాకా ఆయన బల్ల పక్కన నిలబడి ఎదురుచూశారు. తర్వాత జేబులోంచి వేలెడంత ఇత్తడి కడ్డీ తీసి, బల్ల మీదున్న లోహపు తొడుగును ఒకసారి తట్టి, తల వంచి విన్నారు.

నాకు చెమటలు కారుతున్నాయి. ఆయన నావైపు చూడకుండానే అన్నారు.

"చెమట పడ్తది. పడనియ్. చెవికైతే పట్టదు గద."

ఈ ఏడు మా ఆర్మూర్ చుట్టుపక్కల నుంచి ఇద్దరు పిల్లలు నేను పనిచేసిన సంస్థలాంటి వాటిలో ఉద్యోగాలకు ఎంపికయ్యారు. అందులో ఒక అమ్మాయిది ఆలూర్. లోపల పని ఎలా ఉంటుందో అడగడానికి మా ఇంటికి వచ్చారు. పదోన్నతులు, సెలవులు, క్వార్టర్ల గురించి ఎవరైనా చెబుతారు. నేను ఒక్క విషయమే రాస్తున్నాను. రహీం సాబ్ దగ్గర ఉన్న విద్య నాకు వచ్చింది. నా తర్వాత వచ్చిన మనిషికి అది అందిందా, లేదా? అందకపోతే అందులో నా తప్పెంత?

పని ఏమిటి

మా సంస్థ పేరు రాయను. పట్నం శివార్లలో ఉండేది. అణ్వాయుధాలకు సంబంధించిన పని అక్కడ కొంత జరిగేది. ఆ మాట మా ఇంట్లో ముప్పై ఏళ్లు ఎవరూ పలకలేదు. మా గదికి వచ్చేది మాత్రం ఖాళీ తొడుగు. అంతకుముందు దానిలో ఏముండేదో, తర్వాత ఏముంటుందో మాకు చెప్పేవారు కాదు. మేము అడిగేవాళ్లమూ కాదు.

ఆ తొడుగు లోపలి గోడకు ఒక పొర జిగురుతో అంటించి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ జిగురు అక్కడక్కడ వదలవచ్చు. పైకి కనబడదు. బయటి నుంచి తట్టితే, అంటుకుని ఉన్నచోట మోత సన్నగా, గట్టిగా వస్తుంది. వదిలినచోట కొంచెం మొద్దుబారుతుంది. తేడా చాలా చిన్నది. ఆ తేడా విని, కాగితం మీద గుర్తు పెట్టి, సంతకం చేయడం మా ఉద్యోగం.

యంత్రాలు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. కొత్త తొడుగులకు బాగా పనిచేస్తాయి. పాతవి వేరు. వాటిని చేతితో అంటించారు. జిగురు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటుంది. యంత్రం ప్రతిదాన్నీ లోపమనేది, లేదా దేన్నీ అనేది కాదు. అంటించినవాళ్లు చాలామంది అప్పటికే లేరు. అందుకే మా చెవులతో పని పడింది.

ఊరికి వస్తే ఇరుగుపొరుగు అడిగేవాళ్లు. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన మా పక్కింటాయన ఒకసారి నిలదీశాడు.

"పట్నంల ఏం జేస్తవ్ గంగాధరన్నా?"

"ఇనుప డబ్బాలు తట్టి చూస్త."

"తట్టుడేనా? గంతేనా? మేం గాడ ఎండల సచ్చుకుంట పని జేస్తుంటే, నీకు సర్కారు డబ్బాలు కొట్టుటానికి జీతమిస్తదా!"

నేను నవ్వాను. ఆయన చెప్పింది ఒక్క అక్షరం తప్పు కాదు.

ఇంకొక్క మాట చెప్పాలి. నేను చదివే మనిషిని. అలాంటి ఆయుధం పడిన ఊళ్లలో ఏం జరిగిందో చదివాను. అది ఎన్నడూ వాడకూడని వస్తువని నా అభిప్రాయం. కానీ ఉంది. ఉన్నంతకాలం దాని స్థితి గురించి నిజం చెప్పే మనిషి ఒకరు ఉండాలి. లోపం ఉందో లేదో తెలియని ప్రమాదకరమైన వస్తువు, తెలిసినదానికంటే చెడ్డది. ఈ ఒక్క వాదనతోనే నేను అక్కడ ఉద్యోగం చేశాను. ఇది చాలదనేవాళ్లతో నేను తగాదా పడను.

రహీం సాబ్

ఆయనది బోధన్. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. పొట్టి మనిషి. ఎప్పుడూ తెల్ల చొక్కా. అంతకుముందు ఏడేళ్లు నేను అదే సంస్థలో యంత్రాల షాపులో ఉన్నాను. ఆ గదికి మనిషి కావాలంటే ముగ్గురిని పంపారు. మిగతా ఇద్దరిని ఆయన చదువు గురించి అడిగారు. నన్ను మాత్రం, "ఏ ఊరు?" అన్నారు.

"ఆర్మూర్, సాబ్."

"మీ బాపు ఏం జేస్తడు?"

"మార్కెట్ల పసుపు చూస్తడు. కొమ్ము ఇరిచి, ఎండిందా లేదా చెప్తడు."

"ఎట్ల చెప్తడు?"

"చప్పుడును బట్టి. మంచిగ ఎండితే టక్కుమంటది. లోపల పచ్చి ఉంటే చప్పుడు మెత్తగుంటది."

ఆయన మిగతా ఇద్దరికీ చాయ్ తాగించి పంపేశారు.

నేర్పడం అంటే కూర్చోబెట్టి చెప్పడం కాదు. మొదటి మూడు నెలలు నాకు కడ్డీ ఇవ్వలేదు. ఆయన తట్టేవారు, నేను కళ్లు మూసుకుని వినేవాణ్ణి. ఏం వినబడిందో చెప్పమనేవారు. చెబితే సరైనదా కాదా చెప్పేవారు కాదు. "ఇంకోసారి" అనేవారు. అంతే.

మా గదిలో ఒక నమూనా తొడుగు ఉండేది. దానిలో ఏడు చోట్ల కావాలనే జిగురు పెట్టకుండా వదిలారు. కొత్తవాళ్లు ఆ ఏడింటినీ కనిపెట్టాలి. నేను ఏడూ కనిపెట్టిన రోజు రహీం సాబ్ ఇంటి నుంచి సేమ్యా తెప్పించారు. ఆ ఏడు చోట్లు నాకు ఇప్పటికీ కంఠస్థం. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది.

ఆ గదిలో మూడో ఏడు ఒక తప్పు చేశాను. ఏడాది చివర, పని ముగించాలని అందరూ తొందరపడుతున్నారు. ఒక తొడుగు మీద బొటనవేలి గోరంత చోట మోత కొంచెం తేడాగా అనిపించింది. మళ్లీ తట్టాను. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. అలసిపోయానేమో అనుకుని "బాగుంది" అని రాశాను. రహీం సాబ్ మర్నాడు అదే తొడుగు తీసి తట్టారు. నేరుగా ఆ చోటికే వచ్చి ఆగారు.

"గీడ నీకేం వినబడలేదా?"

"కొంచెం అనుమానం వచ్చింది, సాబ్."

"మరి అనుమానమని రాయకపోతివి?"

ఆయన కోప్పడలేదు. "గంగాధర్, నీకు వినబడ్డది. నువ్వే ఇనలే," అని, నా సంతకం పక్కన తన సంతకం పెట్టి, "అనుమానం" అని రాశారు.

ఆ రోజు నుంచి నేను అనుమానాన్ని అనుమానమనే రాశాను. పై అధికారులకు ఆ పదం నచ్చదు. "ఉందా, లేదా, ఒకటి చెప్పండి" అంటారు. మీ మీద కూడా ఆ ఒత్తిడి వస్తుంది. మీరు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది పెట్టుకోండి.

సంచులు

నేను ఆ గదిలో చేరిన రెండో ఏడు పాత చెక్క బల్లా, దిమ్మెలూ తీసేసి ఉక్కు బల్ల ఇచ్చారు. దాని మీద తొడుగు కుదురుగా నిలబడేది కాదు. రహీం సాబ్ చిరాకుపడ్డారు. కింద వార్తాపత్రికలు వేశారు. తీసేశారు. పాత కంబళి వేశారు. తట్టి, తల అడ్డంగా ఊపి అదీ తీసేశారు. నేను ఊరికి వచ్చినప్పుడు మార్కెట్ నుంచి రెండు పాత పసుపు సంచులు తీసుకుపోయాను. గోనెవి. నాలుగు మడతలు వేసి తొడుగు కింద పెట్టాం. ఆయన తట్టి విన్నారు. మళ్లీ తట్టారు.

"బస్. గిది మంచిగున్నది," అన్నారు.

ఎందుకు మంచిగుందో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. తొడుగు ఊగకుండా నిలబడినందుకే అనుకున్నాను.

ఆ తర్వాత నాలుగైదేళ్లకోసారి సంచులు మార్చేవాణ్ణి. ప్రతిసారీ ఆర్మూర్ నుంచే. గదంతా పసుపు వాసన. మా ఇద్దరి చొక్కా చేతులు పచ్చగా అయ్యేవి. వాళ్లింట్లో ఆయన భార్య, "మీరు ఆఫీసుకు పోతున్నరా, పెండ్లిండ్లకు పోతున్నరా?" అని అడిగేవారట. ఆయన వచ్చి నాకు చెప్పి, "నీ ఊరు మొత్తం గీ గదిల పెట్టినవ్ రా," అనేవారు. సంచిని ఆయన బోరా అనేవారు.

తనిఖీ బృందాలు వచ్చే రోజు మాత్రం సంచులు చుట్టి బీరువాలో దాచేవాళ్లం. వాళ్లు పోగానే మళ్లీ పరిచేవాళ్లం. అంత పెద్ద సంస్థలో, అలాంటి పని జరిగే బల్ల మీద పసుపు సంచి కనబడితే ఏమంటారోనని భయం. ఇద్దరం దొంగల్లా నవ్వుకునేవాళ్లం.

మూర్తి గారు, నా పుస్తకం

రహీం సాబ్ పదవీ విరమణకు ఏడాది ఉందనగా మా విభాగాధిపతి మూర్తి గారు నన్ను పిలిచారు. కోస్తా మనిషి. నెమ్మదిగా మాట్లాడేవారు. నేను చూసిన అధికారుల్లో మంచివారు. గదుల్లోకి వచ్చి నిలబడి చూసే అలవాటు ఆయనకొక్కరికే ఉండేది.

"గంగాధర్ గారూ, ఆయనకు తెలిసిందంతా రాసిపెట్టండి. మీరు తప్ప ఎవరూ రాయలేరు. ఆయనతో పాటే అది ఇంటికి వెళ్లిపోకూడదు."

ఎనిమిది నెలలు రాశాను. ఎన్నిసార్లు తట్టాలి, ఎంత దూరానికొకసారి తట్టాలి, కడ్డీని ఎలా పట్టుకోవాలి, గది ఎంత చల్లగా ఉండాలి, ఫ్యాన్ ఆపాక ఎంతసేపు ఆగాలి, అలసట వస్తే ఎప్పుడు లేవాలి. అన్నీ రాశాను. రహీం సాబ్ కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు.

"మస్తు రాసినవ్. గిది చదివి నేను గూడ నేర్చుకుంట," అన్నారు.

మూర్తి గారు కూడా చదివారు. గదిలోకి వచ్చి బల్ల వైపు చూసి అడిగారు.

"ఈ సంచుల సంగతి ఇందులో రాయలేదే?"

"అదేం లేదు సార్. ఊగకుండా వేసుకున్నాం అంతే."

ఆయన సరేనని వెళ్లిపోయారు.

నేను అబద్ధం చెప్పలేదు. కానీ నిజమూ అది కాదు. సంచుల గురించి రాయడానికి సిగ్గుపడ్డాను. ఇంగ్లీషులో, నంబర్లు వేసిన పేరాలతో, మంచి అట్టతో తయారవుతున్న పుస్తకంలో మా ఊరి పసుపు బస్తా సంగతి రాయడానికి నా చెయ్యి రాలేదు. "బల్లపై అమర్చవలెను" అనే అర్థం వచ్చే ఒక్క ముక్క రాసి ముగించాను. మూర్తి గారు సరైన ప్రశ్న అడిగారు. రెండోసారి కూడా అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. మంచి అధికారి కూడా ఒక్కసారే అడిగి ఊరుకుంటాడు. అది ఆయన తప్పు. మొదటిసారే చెప్పకపోవడం నా తప్పు.

రహీం సాబ్ వెళ్లిపోతూ ఇత్తడి కడ్డీ నా చేతికిచ్చారు. ఆ తర్వాత పన్నెండేళ్లు ఆ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. నాకు శిష్యుణ్ణి ఇమ్మని ఏటా రాశాను. పుస్తకం ఉంది కదా అన్నారు. పుస్తకం అంత బాగా రాసినందుకు అది నాకు పడిన శిక్ష అనుకుంటాను.

నా చివరి రోజు గది శుభ్రం చేశాను. వచ్చేవాళ్లకు పసుపు మరకల గది అప్పగించడం బాగుండదనిపించింది. బల్ల తుడిచాను. సంచులు చుట్టి ఇంటికి తెచ్చేశాను. మా ఆమె లక్ష్మి వాటిని దులిపి, గడప ముందు కాళ్లు తుడుచుకోవడానికి వేసింది.

ఆయన అడిగింది

మరుసటి ఏడు బోధన్ వెళ్లాను. రహీం సాబ్ మంచం మీద ఉన్నారు. బాగా చిక్కిపోయారు. మాట మాత్రం అలాగే ఉంది. పాత సంగతులు మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి అడిగారు.

"బోరా ఆడ్నే ఉంచినవా?"

నేను నవ్వాను. "లేదు సాబ్. ఇంటికి తెచ్చిన. మా ఆమె కాళ్లు తుడుచుకోను వేసింది."

ఆయన నవ్వలేదు.

"జర వాపస్ పెట్టి రా."

ముసలితనంలో ఏదో అంటున్నారనుకుని "సరే సాబ్" అన్నాను. మాట మార్చేశాను. ఆ చలికాలం ఆయన పోయారు. ఆయన నన్ను ఏదైనా చేయమని అడగడం అదే చివరిసారి.

ఫోను

రెండు మూడేళ్లు గడిచాయి. ఒక రోజు మార్కెట్ యార్డులో మా తమ్ముడి పసుపు కుప్ప పక్కన నిలబడి ఉన్నాను. వాడు ఒక కొమ్ము తీసి విరిచి, "ఎట్లున్నదన్నా?" అని అడిగాడు. నాకు విరిగింది కనిపించింది. అంతే. నిజామాబాద్ చెవుల డాక్టర్ అంతకుముందే చెప్పారు. సన్నని శబ్దాలు రెండు చెవులకూ పోయాయి. లక్ష్మికి తప్ప ఎవరికీ చెప్పలేదు. "మంచిగున్నది" అని తమ్ముడితో అన్నాను.

అప్పుడే ఫోన్ వచ్చింది.

"సార్, నేను స్రవంతిని. మాది నవీపేట్. ఇప్పుడు మీ గదిల నేనే ఉన్న."

నాకు మొదట కలిగింది సంతోషం. మా జిల్లా పిల్ల.

"మీ పుస్తకం మొత్తం చదివిన సార్. రెండు నెల్లయింది. నమూనా మీద ఏడు చోట్లు ఉన్నయని రాసిండ్రు. నాకు మూడు గూడ దొర్కుతలేవు."

"ఫ్యాన్ ఆపుతున్నావా, అమ్మా?"

"మీరు రాసినట్టే ఆపుతున్న సార్. పాత తొడుగులు వరుసగ ఉన్నయ్. సంతకం పెట్టుమంటున్నరు. నాకు వినబడనిదాని మీద సంతకం ఎట్ల పెట్టాలె? నాతోని కాదని చెప్తే గది మూసేస్తరట. మీరొక్కసారి వస్తరా?"

నా చెవుల సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. "వస్తాను" అన్నాను.

మర్నాడు తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లాను. గేటు దగ్గర పాస్ ఇచ్చారు. గదికి కొత్త రంగు వేశారు. స్రవంతి సన్నగా, కళ్లద్దాలతో, నోటుపుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. నా పుస్తకం బల్ల మీద ఉంది. అంచులు నలిగిపోయాయి. అంతగా చదివింది. ఆమె ఫ్యాన్ ఆపింది. నేను జేబులోంచి రహీం సాబ్ ఇచ్చిన కడ్డీ తీసి నమూనాను తట్టాను.

ఏమీ తేడా లేదు. చుట్టూ తట్టాను. అంతా ఒకటే మోత.

అప్పుడు నేను చేసిన పని ఇది. ఒక్కో చోట తట్టి, తల వంచి, కాసేపు విన్నట్టుండి, "ఇక్కడ" అన్నాను. ఏడు చోట్లూ వరుసగా చూపించాను. ఆమె తన దగ్గరున్న, ఆ ఏడు చోట్లూ గీసిన పటంతో సరిచూసుకుంది. ఏడూ సరిపోయాయి.

"అబ్బ! మీకు గింత అల్కగ వినబడ్తదా సార్!"

ఆమె కడ్డీ తీసుకుని నేను చూపించిన చోటే తట్టింది. మళ్లీ తట్టింది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. మొహమంతా చెమట. చివరికి కడ్డీ కింద పెట్టింది.

"నా చెవులనే ఏదో ఫరక్ ఉన్నట్టుంది సార్. చూపెట్టుకుంట."

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చున్నాం. అన్నం కలపబోయి ఆపేశాను.

"స్రవంతీ, నాకు వినబడలేదమ్మా."

"ఏంది సార్?"

"ఒక్కటి కూడా వినబడలేదు. ఆ ఏడు చోట్లు నాకు కంఠస్థం. నా చెవులు పోయి చాలా రోజులైంది."

ఆమె మొహం ఎర్రబడింది.

"మరి పొద్దుగాల చెప్పకపోతిరి? నాకు చెవుడొచ్చిందని మా అమ్మకు ఫోన్ గూడ చేసిన. ఆమె అక్కడ ఏడుస్తున్నది!"

నేను తల వంచుకున్నాను. అరవై దాటిన మనిషిని, ఆ పిల్ల ముందు. క్షమించమని అడిగాను. ఆమె లేచిపోయి, చేయి కడుక్కుని, అమ్మకు ఫోన్ చేసి మాట్లాడి తిరిగి వచ్చింది. కోపం పూర్తిగా పోలేదు. కానీ ఆమె అడిగింది నేను ఉద్యోగంలో విన్న ప్రశ్నలన్నిటిలోకీ మంచిది.

"సరే సార్. మీకిప్పుడు వినబడ్తలేదు. నాకూ వినబడ్తలేదు. మీకు వినబడ్డప్పుడు గీ గదిల ఏమున్నది, ఇప్పుడేం లేదు? అది చెప్పున్రి."

గదికి తిరిగి వెళ్లాం. గోడలు చూశాను. బీరువా చూశాను. దీపాలు చూశాను. బల్ల దగ్గరికి వచ్చి తొడుగు కింద చూశాను. నల్లని రబ్బరు, చక్కగా గుండ్రంగా కోసింది. కొత్త అధికారి వేయించారట. జారకుండా, ఊగకుండా.

రహీం సాబ్ మంచం మీద నుంచి అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది. ఆయన బోరా వాపస్ పెట్టమన్నారు. నాకు వినబడింది. నేనే వినలేదు.

కాళ్లు తుడుచుకునే గుడ్డ

సాయంత్రానికి ఆర్మూర్ చేరాను. గడప ముందు వంగి సంచులు తీస్తుంటే లక్ష్మి వచ్చింది.

"ఏందయ్యా, వచ్చుడు వచ్చుడే గట్ల వంగినవ్?"

"ఇవి పట్నం తీసుకుపోవాలె."

"గవి కాళ్లు తుడుసుకునేటియి! గంత పెద్ద ఆఫీసుకు గవి తీస్కపోతవా? కొత్తది దొర్కదా?"

"ఇవే కావాలె."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, నా చేతిలోంచి లాక్కుని, బయటికి తీసుకుపోయి కర్రతో బాగా కొట్టి దులిపింది. ఇంకా పసుపు రాలింది. మడిచి చేతిసంచిలో పెట్టింది. "మీ సాబ్ ఉంటే నవ్వుతుండె," అంది.

మర్నాడు గేటు దగ్గర కాపలా అతను సంచి తెరిచి చూశాడు.

"ఇదేంది సార్?"

"కాళ్లు తుడుచుకునేది," అన్నాను. ఉద్యోగంలో ఉన్నన్నేళ్లూ దాచాను కాబట్టి ఇక దాచదలచుకోలేదు. ఆ నిజం మూలంగా గేటు దగ్గర గంటసేపు నిలబడాల్సి వచ్చింది.

రబ్బరు తీసేశాం. సంచులు నాలుగు మడతలు వేసి పరిచాం. పటం నా దగ్గర పెట్టుకున్నాను. ఆమె దాన్ని చూసింది కాబట్టి నమూనాను కొంత తిప్పి పెట్టి, ఏ వైపు ఏదో తెలిపే అంచు గుర్తులు కనబడకుండా అంచుకు కాగితం చుట్టాను. నేను గోడ దగ్గర కుర్చీలో కూర్చున్నాను. నా మొహం చూసి ఆమె ఊహించకుండా పక్కకు తిరిగాను. ఆమె ఫ్యాన్ ఆపింది.

నాకు ఏమీ వినబడలేదు. సంచులున్నా నాకు వినబడలేదు. రెండు తప్పులూ ఉన్నాయన్నమాట, బల్లదీ, నా చెవులదీ.

చాలాసేపు తర్వాత ఆమె అంది. "సార్, గిది జర మొద్దుగున్నది."

నేను పలకలేదు. ఆమె సుద్దతో గుర్తు పెట్టింది. మధ్యాహ్నం దాకా తట్టింది. చివరికి నన్ను పిలిచింది. లేచి చూశాను. ఎనిమిది గుర్తులు. ఏడు సరిగ్గా ఉన్నాయి.

"ఎనిమిదోది తప్పమ్మా. ఏడే ఉంటాయి."

ఆమె మళ్లీ తట్టింది. కళ్లు మూసుకుని ఇంకోసారి తట్టింది.

"లేదు సార్. నాకు వినబడ్తున్నది."

"రాసింది ఏడే."

"రాసినప్పుడు ఏడే ఉండొచ్చు సార్. గీ నమూనా గూడ ముసల్దైంది గద."

నమూనా కాబట్టి అధికారుల అనుమతితో ఆ చోట కోసి చూశారు. జిగురు వదిలి ఉంది. నాకు కంఠస్థమైనవి ఏడు. ఆమెకు వినబడినవి ఎనిమిది. రహీం సాబ్ ఉంటే ఆ పిల్లకు సేమ్యా తెప్పించేవారు. నేను క్యాంటీన్‌లో దొరికిన మైసూర్‌పాక్ కొనిచ్చాను. కడ్డీ ఆమెకు ఇచ్చేశాను.

తర్వాత

స్రవంతి పాత తొడుగులన్నీ ఒక్కొక్కటిగా తట్టింది. వినబడినవాటి మీద సంతకం పెట్టింది. రెండింటి మీద "అనుమానం" అని రాసింది. వాటిని పక్కకు తీశారు. నా పుస్తకంలో ఒక పేజీ చేర్చింది. గోనె సంచులు రెండు, నాలుగు మడతలు, పసుపుకు వాడినవి, మెత్తబడ్డవి. ఆ పేజీ నాకు ఫోన్‌లో చదివి వినిపించింది. గట్టిగా చదవమన్నాను. రబ్బరు మోతను ఎందుకు మింగుతుందో, గోనె ఎందుకు మింగదో తనకు అర్థమైనంత రాసింది. రహీం సాబ్‌కు ఇది తెలుసా, లేక చెవికి మాత్రమే తెలుసా? ఇక అడగడానికి లేదు.

విద్య అందింది. ఒక మనిషికి అందింది. ఆ తర్వాత ఆమెకు పదోన్నతి ఇచ్చి వేరే విభాగానికి పంపారు. ఆమె కూడా శిష్యుల కోసం రాసింది. పుస్తకం ఇప్పుడు పూర్తిగా ఉంది కదా అన్నారు. ఇప్పుడు ఆ గదిలో యంత్రం పెట్టారు. అది పాత తొడుగుల గురించి ఏం చెబుతుందో నేను పైన రాశాను.

ఆ వస్తువులే లేకుండా పోయి, వాటితో పాటు మా విద్య కూడా పోయి ఉంటే నేను ఈ నాలుగు పేజీలు రాసేవాణ్ణి కాదు. సంతోషంగా పసుపు కుప్పల మధ్య తిరిగేవాణ్ణి. వస్తువులు ఉన్నాయి. వినేవాళ్లు పోతున్నారు. కొత్తగా వెళ్లే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మీకు ఎవరైనా నేర్పుతుంటే, వాళ్లు చెప్పేదానితో పాటు వాళ్ల బల్ల మీద ఏముందో చూడండి. ఎందుకుందో అడగండి. రాయడానికి సిగ్గుగా ఉన్నదాన్ని ముందు రాయండి.

స్రవంతి పోయిన నెల ఏదో పని మీద ఆ గదికి వెళ్లిందట. సంచులు బీరువాలో ఉన్నాయని చెప్పింది. యంత్రం వేడెక్కకుండా ఫ్యాన్ పొద్దంతా తిరుగుతూ ఉందట. ఇప్పుడు దాన్ని ఎవరూ ఆపడం లేదు.